హెల్మెట్ సరే... లాక్ వేశారా?

ఏడేళ్ల కిందటి మాట. ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉన్నా. నెల్లూరులో ఉదయం తొమ్మిదింటికి ఓ కంపెనీ డ్రైవ్. ముందురోజు రాత్రి మైపాడులో ఫ్రెండ్ వాళ్లింట్లో ఉండిపోయా. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, సర్టిఫికెట్ల ఫైలు బ్యాగులో సర్దుకుని బండి తీశా. తల మీద హెల్మెట్ ఉంది. ఐఎస్‌ఐ మార్కుదే. దాని లాక్ మాత్రం నాలుగు నెలలుగా పడటం లేదు. ఉప్పుగాలికి లోపలి స్ప్రింగ్ తుప్పు పట్టింది. 'ఏముందిలే, తల మీద కనిపిస్తే చాలు, పోలీసులు ఆపరు' అనుకుని అలాగే తిరిగేవాణ్ని.

దారిలో ఓ మలుపు దగ్గర రోడ్డు మీద ఇసుక. ట్రాక్టర్ నుంచి జారిందో, గాలికి వచ్చి చేరిందో తెలియదు. ముందు చక్రం పక్కకు జారింది. వేగం నలభై ఉంటుందేమో. నేను కింద పడేలోపే హెల్మెట్ తల మీద నుంచి లేచిపోయింది. అది వెళ్లి రొయ్యల గుంట గట్టు మీద పడింది. నా తల వెళ్లి రోడ్డు అంచుకు తగిలింది.

ఏడు కుట్లు. రెండు రోజులు ఆసుపత్రిలో. కుట్లు వేస్తూ నర్సు అడిగారు. 'హెల్మెట్ లేదా బాబూ?' 'ఉంది సిస్టర్.' 'మరి తలకెట్లా తగిలింది?' నా దగ్గర సమాధానం లేదు.

సాయంత్రం, పడినచోట పంచర్ షాపు నడిపే పెద్దాయన నా హెల్మెట్ పట్టుకుని వచ్చాడు. 'ఇదిగో అబ్బయా నీ టోపీ. ఒక్క గీత కూడా పళ్లేదు చూడు' అన్నాడు మెచ్చుకోలుగా. నిజమే. హెల్మెట్ కొత్తదానిలా ఉంది. తల పగిలింది. డ్రైవ్ సంగతి చెప్పక్కర్లేదు.

ఆ ఉద్యోగం పోయినందుకు ఇప్పుడు బాధ లేదు. గీత కూడా పడని ఆ హెల్మెట్ మాత్రం ఇప్పటికీ గుర్తొస్తుంది. హెల్మెట్ కొనడానికి పెట్టిన డబ్బు, దాన్ని తయారుచేసిన ఇంజినీర్ల కష్టం, దానిపై ఉన్న ఐఎస్‌ఐ మార్కు... అన్నీ గడ్డం కింద ఉండే ఓ చిన్న లాక్ దగ్గర ఆగిపోయాయి. ఈ పేజీ చదివే మీలో చాలామంది రోజూ బండి మీద కాలేజీకో, కోచింగ్‌కో, ఇంటర్వ్యూకో వెళ్తుంటారు. అందుకే ఈ మాట చెప్పాలనిపించింది.

చట్టంలో ఉన్న రెండో మాట

నెల్లూరులో ఏ సిగ్నల్ దగ్గరైనా ఓ ఐదు నిమిషాలు నిలబడి చూడండి. హెల్మెట్లు మునుపటి కంటే ఎక్కువే కనిపిస్తాయి. 2024లో రాష్ట్ర హైకోర్టు హెల్మెట్ నిబంధనను గట్టిగా అమలు చేయాలని ఆదేశించాక తనిఖీలూ పెరిగాయి. కానీ కాస్త కిందకు, గడ్డం వైపు చూడండి. పట్టీ రెండు వైపులా వేలాడుతూ కనిపించే తలలు ఎన్నో. పోలీసులు కనిపించేసరికి ట్యాంకు మీది హెల్మెట్‌ను తలకెక్కించి, మలుపు దాటగానే మళ్లీ ట్యాంకు మీద పెట్టేవాళ్లు సరేసరి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 129వ సెక్షన్ 'హెల్మెట్ పెట్టుకోవాలి' అని చెప్పి ఊరుకోలేదు. హెల్మెట్ అంటే ఏమిటో కూడా చెప్పింది. ప్రమాదంలో తలకు రక్షణ ఇచ్చేలా తయారై ఉండాలి. అది మొదటి షరతు. దానికి ఉన్న పట్టీతో లేదా మరో బిగింపుతో తలకు గట్టిగా కట్టి ఉండాలి. ఇది రెండో షరతు. అంటే లాక్ వేయని హెల్మెట్ చట్టం దృష్టిలో హెల్మెట్టే కాదు! 194డి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు దానికీ వర్తిస్తాయి. బండి నడిపేవాళ్లకే కాదు, నాలుగేళ్లు దాటి వెనక కూర్చునే ప్రతి ఒక్కరికీ ఇదే నిబంధన.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది. వీళ్లలో 35,692 మంది బండి నడిపేవాళ్లు, 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఈ లెక్క హెల్మెట్ పెట్టుకున్నారా, లేదా అన్నదాని మీదే నడుస్తుంది. పెట్టుకున్న హెల్మెట్ రోడ్డును తాకేదాకా తల మీద ఉందా, లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నను మనం అడగడం లేదు. నా గొడవంతా దాని గురించే.

ఒక్క దెబ్బతో అయిపోదు

బండి మీద నుంచి పడటమంటే తలకు ఒక్కసారి తగిలి ఆగిపోవడం కాదు. మొదట ఎదుటి కారు బానెట్‌కో, మన హ్యాండిల్‌కో తగలొచ్చు. తర్వాత రోడ్డుకు. ఆ తర్వాత దొర్లుతూ డివైడర్‌కో, రాయికో. మొదటి కుదుపుకే హెల్మెట్ ఊడిపోతే మిగతా దెబ్బలన్నీ తినేది ఉత్త తలే.

లెక్క వేద్దాం, మనకు అలవాటేగా. నిలబడిన మనిషి తల సుమారు 1.7 మీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఏ వేగం లేకుండా ఊరికే పడిపోయినా, తల నేలను తాకేసరికి వేగం సెకనుకు దాదాపు 5.8 మీటర్లు, అంటే గంటకు 21 కిలోమీటర్లు. 'పక్క వీధికేగా' అనే మాటకు ఇదే జవాబు. మెల్లగా వెళ్తున్నా, ఆగి ఉన్న బండి మీద నుంచి పడినా తలకు తగిలే దెబ్బలో పెద్ద భాగం ఎత్తుదే.

ఇక హెల్మెట్ సంగతి. దాని బరువు 1.3 కిలోలు అనుకుందాం. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ హఠాత్తుగా ఆగిపోతే, హెల్మెట్ మాత్రం అదే వేగంతో ముందుకు పోవాలని చూస్తుంది. దాని గతిశక్తి దాదాపు 180 జౌళ్లు. దాన్ని తలతోపాటే ఉంచేది ఏమిటి? పట్టీ. అది లేకపోతే లోపలి స్పాంజ్ ఒరిపిడి తప్ప ఇంకేమీ లేదు.

ఇంకోటి కూడా జరుగుతుంది. పడేటప్పుడు హెల్మెట్ వెనక అంచుకు కింది నుంచి దెబ్బ తగిలితే అది ముందుకు తిరుగుతుంది. పట్టీ వదులుగా ఉంటే, అంటే లాక్ వేసి ఉన్నా సరే, గడ్డం మీదుగా జారి ఊడి వచ్చేస్తుంది. లాక్ వేయడం ఎంత ముఖ్యమో బిగువు కూడా అంతే ముఖ్యమని చెప్పేది ఇందుకే.

హెల్మెట్ వల్ల ఏం లాభమన్న ప్రశ్నకు సమాధానం ఎప్పుడో వచ్చేసింది. 1935లో బ్రిటన్‌లో లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడిన టి.ఇ.లారెన్స్ మోటార్‌సైకిల్ ప్రమాదంలో చనిపోయారు. ఆయనకు చికిత్స చేసినవాళ్లలో ఒకరైన న్యూరోసర్జన్ హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత బైక్ నడిపేవాళ్ల తల గాయాలపై అధ్యయనం చేసి, 1941లో క్రాష్ హెల్మెట్ల అవసరాన్ని చెబుతూ వ్యాసం రాశారు. అదే ఏడాది బ్రిటిష్ సైన్యం తన బైక్ రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల చనిపోయే ప్రమాదం 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం 69 శాతం తగ్గుతాయి. అయితే ఆ లాభం దక్కాలంటే దెబ్బ తగిలే క్షణంలో హెల్మెట్ తల మీదే ఉండాలి కదా!

మూడు రకాల లాకులు

షాపులో హెల్మెట్ కొనేటప్పుడు మనం రంగు చూస్తాం, స్టిక్కర్ చూస్తాం, వైజర్ చూస్తాం, ధర చూస్తాం. లాక్ ఏ రకమని అడిగేవాళ్లు తక్కువ. ప్రధానంగా మూడు రకాలున్నాయి.

మొదటిది డబుల్ డి-రింగ్. ఒకవైపు పట్టీకి రెండు లోహపు రింగులుంటాయి. రెండోవైపు పట్టీని రెండు రింగుల్లోంచీ దూర్చి, వెనక్కు మడిచి, ఒక రింగు మీదుగా రెండో రింగు కిందుగా లాగాలి. ఎంత గట్టిగా లాగితే అంత బిగుస్తుంది. కదిలే భాగాలు లేవు, స్ప్రింగ్ లేదు, పళ్లు లేవు. కాబట్టి పాడవడానికి పెద్దగా ఏమీ లేదు. పైగా ప్రతిసారీ మన గడ్డానికి సరిపోయేలా కొత్తగా బిగించుకుంటాం. రేసింగ్ సర్క్యూట్లలో దీన్నే వాడతారు. ఇబ్బంది ఏమిటంటే నేర్చుకోవాలి, రెండు చేతులూ కావాలి. కొందరు ఒక్క రింగులోంచే దూర్చి వదిలేస్తారు. అది లాగితే ఊడిపోతుంది. ఇంకా పెద్ద పొరపాటు ఒకటుంది. పట్టీ చివర ఓ చిన్న టిచ్ బటన్ ఉంటుంది. మిగిలిన కొస గాలికి కొట్టుకోకుండా ఆపడానికే అది. కొందరు రింగులు వదిలేసి ఆ బటన్ ఒక్కటే పెట్టుకుని లాక్ వేశామనుకుంటారు.

రెండోది మైక్రోమెట్రిక్ లాక్. మన దగ్గర చాలా హెల్మెట్లకు ఇప్పుడు ఇదే వస్తోంది. పళ్లున్న ఓ ప్లాస్టిక్ పట్టీ లోహపు గూట్లోకి వెళ్తుంది. 'టక్ టక్ టక్' మంటూ ఒక్కో పంటి దగ్గర ఆగుతుంది. లోపల స్ప్రింగ్‌తో ఉన్న కొక్కెం దాన్ని వెనక్కు రానివ్వదు. ఎర్ర పట్టీని లాగితే ఊడుతుంది. ఒక్క చేత్తో పని అయిపోతుంది, కొద్దికొద్దిగా బిగించుకోవచ్చు. దీనికి రెండు బలహీనతలు. ఒకటి, తొందరలో మొదటి పంటి దగ్గరే ఆపేస్తాం. అప్పుడు లాక్ పడినట్టే ఉంటుంది, బిగువు ఉండదు. రెండు, పళ్లు అరుగుతాయి, స్ప్రింగ్ తుప్పు పడుతుంది, ఇసుక రేణువులు చేరతాయి. నా లాక్ పోయింది ఇలాగే.

మూడోది స్కూల్ బ్యాగుకు ఉండేలాంటి ప్లాస్టిక్ క్లిప్పు. రెండు పక్కలా నొక్కితే ఊడుతుంది. చవక హెల్మెట్లకు ఇదే ఎక్కువ. పెట్టడం తీయడం తేలికే. కానీ బిగువు పట్టీకి ఉన్న స్లైడర్ మీద ఆధారపడుతుంది. అది రోజులు గడిచేకొద్దీ జారుతూ వదులవుతుంది. ఒకసారి సరిచేసి ఊరుకుంటే కుదరదు. ఎండలో నానా తిప్పలు పడిన ప్లాస్టిక్ పెళుసుబారుతుంది కూడా.

ఏది మంచిది? బలం ఒక్కటే చూస్తే డి-రింగే. కానీ నా సమాధానం వేరు. మీరు ప్రతిసారీ వేసుకునే లాకే మంచి లాక్. రోజుకు నలభై డెలివరీలు ఇచ్చే కుర్రాడికి డి-రింగ్ ఇచ్చి, వాడు దాన్ని పదోసారికే వదిలేస్తే లాభమేంటి? మైక్రోమెట్రిక్ లాక్‌కు ఐదు సెకన్లు అనుకుందాం. నలభై సార్లకు 200 సెకన్లు. రోజుకు మూడు నిమిషాల ఇరవై సెకన్లు. అంతే ఖర్చు.

ఉప్పుగాలి లెక్కే వేరు

ఈ లాకులను పరీక్షించకుండా వదిలేయరు. ఐక్యరాజ్యసమితి 22వ నంబరు నిబంధన చాలా దేశాల్లో హెల్మెట్లకు ఆధారం. దాని పరీక్షలో హెల్మెట్ పట్టీకి బిగించిన అమరికపై 10 కిలోల బరువును 0.75 మీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తారు. అంటే దాదాపు 73 జౌళ్ల కుదుపు. ఆ సమయంలో పట్టీ 35 మిల్లీమీటర్లకు మించి సాగకూడదు. ఇంకో పరీక్షలో హెల్మెట్ వెనక అంచుకు కొక్కెం తగిలించి, 10 కిలోల బరువును అర మీటరు నుంచి వదిలి ముందుకు లాగుతారు. హెల్మెట్ 30 డిగ్రీలకు మించి తిరగకూడదు. గడ్డానికి కప్పులాంటి తొడుగు పెట్టకూడదన్న నియమమూ ఉంది. మన దేశపు ప్రమాణం ఐఎస్ 4151లోనూ పట్టీ పట్టును పరీక్షించాల్సిందే. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు లేని బైక్ హెల్మెట్లు తయారుచేయడం, అమ్మడం నిషిద్ధం.

నన్ను బాగా ఆకట్టుకున్నది మాత్రం ఆ 22వ నిబంధనలోని మరో పరీక్ష. లోహపు భాగాలున్న క్విక్ రిలీజ్ లాకును ఉప్పునీటి తుంపరలో 48 గంటలు ఉంచుతారు. వేలసార్లు పెట్టి తీస్తారు. ఆ తర్వాత కూడా అది పనిచేయాలి. ఇది చదివినప్పుడు మైపాడు రోడ్డే గుర్తొచ్చింది. వాళ్లు ల్యాబ్‌లో రెండు రోజులు పెట్టే పరీక్షను మన తీరంలో హెల్మెట్లు ఏడాది పొడవునా రాస్తుంటాయి. తుమ్మలపెంట, కోడూరు, కృష్ణపట్నం... ఎక్కడ చూసినా ఉప్పుగాలి, చెమట, ఇసుక. రాత్రంతా బండి అద్దానికి తగిలించి బయటే వదిలేసిన హెల్మెట్ లాక్ పొద్దున మంచుకు తడిసి ఉంటుంది. హైదరాబాద్‌లో నాలుగేళ్లు వచ్చే లాక్ ఇక్కడ అన్నాళ్లు వస్తుందని అనుకోవద్దు.

కృష్ణపట్నం, ముత్తుకూరు వైపు మరో అలవాటూ ఉంది. పోర్టులో, ప్లాంట్లలో సైటు మీద ఇచ్చే పసుపు టోపీనే బండి మీదా పెట్టుకుని వెళ్లిపోతారు. ఆ టోపీ ప్రమాణం వేరు, ఐఎస్ 2925. పై నుంచి పడే వస్తువు నుంచి కాపాడటానికి చేసింది అది. రోడ్డు మీద దొర్లడానికి కాదు. రేపు అక్కడ ట్రెయినీగా చేరబోయే మీరైనా ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

లాక్ వేస్తే ఇక భయం లేదా?

అలా అని ఎవరైనా చెబితే నమ్మకండి. 2011 అక్టోబరు 23న మలేసియాలోని సెపాంగ్ సర్క్యూట్‌లో మోటో జీపీ రేసర్ మార్కో సిమోంచెల్లి పడిపోయి, వెనక వస్తున్న బైకుల కింద చిక్కుకున్నాడు. ఆ తాకిడికి అతని హెల్మెట్ ఊడి ట్రాక్ మీద దొర్లడం ప్రపంచమంతా చూసింది. ప్రపంచ స్థాయి రేసర్, మేలిరకం హెల్మెట్. అయినా అంతటి దెబ్బకు నిలవలేదు. అతను బతకలేదు. ఏ పట్టీకైనా ఓ హద్దు ఉంటుంది.

మనవాళ్ల సంగతికి వద్దాం. 2021 సెప్టెంబరు 10 రాత్రి హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయిధరమ్ తేజ్ స్పోర్ట్స్ బైక్ మీద నుంచి జారి పడ్డారు. హెల్మెట్ పెట్టుకుని ఉన్నారు. అయినా తీవ్రంగా గాయపడి నెల రోజులకు పైగా ఆసుపత్రిలో ఉన్నారు. తర్వాత కోలుకుని సినిమాల్లోకి వచ్చారు. తాను బతికి ఉన్నది హెల్మెట్ వల్లేనని ఎన్నో వేదికల మీద చెబుతున్నారు.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది ఒకటే. హెల్మెట్ గ్యారెంటీ కార్డు కాదు. బతికే అవకాశాన్ని పెంచే వస్తువు. లాక్ వేయకపోతే ఆ అవకాశాన్ని మన చేతులతో మనమే వదిలేసుకున్నట్టు.

తప్పంతా కుర్రాళ్లదేనా?

కాదు. రోడ్డు మీద ఇసుక ఊడ్చే బాధ్యత ఎవరిది? మలుపుల్లో లైట్లు లేకపోవడం ఎవరి తప్పు? రాత్రిపూట హైవే పక్కన లైటు లేకుండా ఆపే లారీల సంగతేంటి? 'ముందు అవి బాగుచేసి తర్వాత మాకు చెప్పండి' అని మీరంటే నేను కాదనను. ఆ ప్రశ్న గట్టిగా అడగాల్సిందే. కానీ రోడ్డు బాగయ్యేదాకా తలను ఖాళీగా వదిలేయలేం కదా. రోడ్డు వాళ్ల చేతిలో ఉంది, లాక్ మన చేతిలో ఉంది.

'ఉక్కపోత, జుట్టు పాడవుతుంది, గడ్డం కింద ఒరుసుకుంటుంది' అనేవాళ్లూ ఉన్నారు. మే నెలలో నెల్లూరు ఎండ తెలిసినవాణ్ని, వాళ్లను వెక్కిరించను. అయితే ఒరుసుకోవడానికి కారణం చాలాసార్లు సైజు తప్పుగా కొనడమే. లోపలి పట్టీ కవర్ ఉతకకపోవడం మరో కారణం.

మారాల్సినవి కొన్ని ఉన్నాయి. తనిఖీల్లో 'హెల్మెట్ ఉందా?' అని కాకుండా 'లాక్ వేశారా?' అని అడగాలి. చట్టం చెప్పింది అదే కాబట్టి కొత్త జీవో కూడా అక్కర్లేదు. జరిమానా కంటే ముందు అక్కడే ఆపి లాక్ వేయించి పంపితే చాలామందికి అలవాటవుతుంది. కాలేజీ గేటు దగ్గర ఐడీ కార్డు చూసే సెక్యూరిటీ అన్న గడ్డం కింద కూడా ఓ చూపు చూడొచ్చు. హెల్మెట్ అమ్మే షాపువాళ్లు బిల్లు చేతిలో పెట్టేముందు పట్టీ బిగించి చూపించాలి. చెప్పుల షాపులో నడిచి చూడమంటారు, హెల్మెట్ షాపులో ఎందుకు అనరు? ఇక తయారీదారులు. లాక్ ఒక్కటీ పాడైతే హెల్మెట్ మొత్తం పారేయాల్సి వస్తే ఎవరూ పారేయరు, నాలాగే లాక్ లేకుండా తిరుగుతారు. తక్కువ ధరకు లాక్ మార్చే సర్వీసు జిల్లా కేంద్రాల్లోనైనా ఉండాలి. తీర ప్రాంతాల్లో అమ్మే హెల్మెట్లకు తుప్పు పట్టని లాకులు పెట్టాలి.

ఇంటర్వ్యూలో చెప్పదగ్గ పాఠం

కెరియర్ పేజీలో ఈ హెల్మెట్ గోల ఏంటని అనుకుంటున్నారా? ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఉంది.

మెకానికల్, ప్రొడక్ట్ డిజైన్ ఇంటర్వ్యూల్లో 'మీరు రోజూ వాడే వస్తువులో ఓ లోపం చెప్పండి, ఎలా సరిచేస్తారు?' అని అడుగుతుంటారు. అందరూ ఫోన్ గురించి మాట్లాడతారు. మీరు హెల్మెట్ లాక్ గురించి మాట్లాడి చూడండి. బలం, వాడటానికి తేలిక, ఖర్చు, తుప్పు... ఈ నాలుగూ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చెప్పండి. బలమైన డి-రింగ్‌ను జనం ఎందుకు వదిలేస్తున్నారో, తేలికైన క్లిప్పు ఎందుకు జారుతుందో వివరించండి. ల్యాబ్‌లో పాసైన వస్తువు మనిషి చేతిలో ఎందుకు ఫెయిలవుతుందో చెప్పగలిగిన అభ్యర్థిని ఎవరూ తేలిగ్గా తీసేయరు. సాఫ్ట్‌వేర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎంత గొప్ప సెక్యూరిటీ ఫీచర్ అయినా యూజర్ ఆఫ్ చేసుకుంటే లేనట్టే.

ఈ రంగంలో ఉద్యోగాలూ ఉన్నాయి. బీఐఎస్‌లో సైంటిస్టు పోస్టులున్నాయి. పుణెలో ఏఆర్‌ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్, మనకు దగ్గర్లోనే చెన్నై పక్కన ఒరగడంలో జీఏఆర్‌సీ వంటి వాహన పరీక్షా కేంద్రాలున్నాయి. పరిశోధన మీద ఆసక్తి ఉంటే ఐఐటీ దిల్లీలో రవాణా, గాయాల నివారణపై పనిచేసే కేంద్రం ఉంది. హెల్మెట్ల మీద జీవితాంతం పనిచేసిన ప్రొఫెసర్ దినేశ్ మోహన్ అక్కడివారే. ఐఐటీ మద్రాస్‌లో రోడ్డు భద్రతకే ప్రత్యేక కేంద్రం ఉంది. ప్రాజెక్టు వర్కు కోసం నెట్‌లో దొరికే పాత టాపిక్ కాపీ కొట్టే బదులు, మన తీరంలో ఏడాది వాడిన ఓ యాభై హెల్మెట్ల లాకులు సేకరించి ఎన్ని పనిచేస్తున్నాయో పరీక్షించండి. ఖర్చు పెద్దగా ఉండదు. ఆ రిపోర్టు మీ రెజ్యూమెలో కచ్చితంగా వేరుగా కనిపిస్తుంది.

ఈ రాత్రికి ఐదు నిమిషాలు

చివరగా, ఈ పేపరు పక్కన పెట్టి మీ హెల్మెట్ తీసుకోండి. తలకు పెట్టుకుని లాక్ వేయండి. పట్టీకి, గడ్డానికి మధ్య రెండు వేళ్లు దూరితే సరే. మూడు దూరితే వదులు. లాక్ వేసి ఉండగానే వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తండి. ఊడి వచ్చేస్తుంటే సైజు తప్పు, లేదా పట్టీ వదులు. పట్టీని గట్టిగా ఒక కుదుపు లాగండి. మైక్రోమెట్రిక్ లాక్ ఒక్క పన్ను జారినా అది పోయినట్టే. స్లైడర్ జారిందేమో చూడండి. తడిబట్టతో లాక్ తుడిచి ఆరబెట్టండి. రాత్రికి ఇంట్లో పెట్టండి, బండికి తగిలించొద్దు. ఐఎస్‌ఐ మార్కు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో కాదో చూడండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ అయితే పైకి బాగానే ఉన్నా మార్చేయండి.

ఇంట్లో వెనక కూర్చునే వాళ్ల హెల్మెట్ కూడా చూడండి. చూడటానికి అసలు హెల్మెట్ ఉంటేనేగా అంటారా? అయితే మొదటి జీతంతో కొనాల్సిన వస్తువు అదే. నా మొదటి జీతంతో అమ్మకు చీర కొన్నా. రెండో జీతంతో హెల్మెట్ కొన్నా. చీర ఆమె దాచుకుంది. హెల్మెట్ మాత్రం గుడికెళ్లినా, రైతుబజారుకెళ్లినా పెట్టుకుంటుంది. నేను బండి స్టార్ట్ చేయబోతే వెనక నుంచి భుజం మీద తట్టి 'లాకేశావా నాయనా?' అని అడుగుతుంది. ఆ ఏడు కుట్లూ నాకంటే ఎక్కువ ఆమెకే గుర్తు.

మీ ఇంటర్వ్యూ తొమ్మిదింటికైతే ఎనిమిదిన్నరకు కాదు, ఎనిమిదికే బయల్దేరండి. సర్టిఫికెట్లు సర్దుకున్నారా, ఫోన్ చార్జింగ్ ఉందా అని చూసుకుంటారుగా. ఆ జాబితాలో ఇంకొక్కటి చేర్చుకోండి. గడ్డం కింద 'టక్' మని శబ్దం వినబడ్డాకే గేరు వేయండి.